డెమరారాకు తొమ్మిది దినాలు

మా ఇంటి గోడమీద సంఘము వారి క్యాలెండరు ఒకటి ఉన్నది. దానిలో ఈస్టరు వారం చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి, పక్కన ‘జార్జిటౌన్’ అని వ్రాసుకున్నాము. ఇంటికి వచ్చినవారు అది చూసి, “మద్రాసులో జార్జిటౌనేనా?” అని అడుగుతున్నారు. మద్రాసు అయితే రాత్రి రైలెక్కి పోయి మరునాడు రావచ్చును. ఇది దక్షిణ అమెరికా ఖండపు ఉత్తరపు అంచున, అట్లాంటిక్ సముద్రపు ఒడ్డున ఉన్న గయానా దేశపు ముఖ్యపట్టణము. డెమరారా అనే నది సముద్రములో కలిసే చోట ఉన్నది. కొన్ని దుకాణాలలో గోధుమరంగు చక్కెర పొట్లం మీద ‘డెమరారా’ అని ఉంటుంది, చూసే ఉంటారు. ఆ పేరు ఆ నదిదే.

మా చిన్నమ్మాయి ఆ ఊరిలో వైద్యవిద్య చదువుతున్నది. వెళ్ళి రెండు సంవత్సరాల నాలుగు మాసాలైనది. మన సంఘాలలో ఇలా దూరదేశాలకు పిల్లలను పంపినవారు అనేకులు ఉన్నారు గనుక, ప్రయాణపు ఏర్పాట్లలో మేము చేసిన పొరపాట్లు, నేర్చుకున్న సంగతులు దాచకుండా వ్రాయమని మా అయ్యగారు అడిగారు. ఈ వ్యాసము మేమిద్దరమూ కలిసి వ్రాస్తున్నాము. ఒకరు చెబుతుంటే ఒకరు వ్రాస్తున్నారు. అందుచేత ‘ఆయన’ అనీ ‘ఆమె’ అనీ వచ్చినచోట అది మేమే అని గ్రహించగలరు. ఆయన హైస్కూలులో సాంఘికశాస్త్రము చెప్పి రిటైరైనవారు. ఆమె ఇల్లు, చీనీతోట, ఆదివారపు బడి చూసుకుంటుంది.

అసలు అంత దూరము ఎందుకు పోవలసి వచ్చింది? చదువుకునే పిల్లను చూడాలంటే సెలవులకు పిల్లనే పిలిపించుకోవచ్చు గదా అని మా బంధువులందరూ అన్నారు. వారి మాట న్యాయమే. టికెట్టు ఖర్చు ఎటునుండి ఎటు అయినా ఒకటే. కానీ గత సంవత్సరము అమ్మాయికి ఒక పరీక్ష తప్పింది. మాకు ఆ సంగతి రెండు నెలల తరువాత గాని చెప్పలేదు. అప్పటినుండి ఫోనులో మాటలు తగ్గిపోయినాయి. “తిన్నావా?” అంటే “తిన్నా.” “చర్చికి పోయినావా?” అంటే “ఊఁ.” ఒక రాత్రి వాళ్ళమ్మ పట్టుబట్టి, “ఆగస్టు సెలవులకు రా పాపా, డబ్బు సంగతి మేము చూసుకుంటాము” అన్నది. అవతల చాలాసేపు మాట లేదు. ఆ తరువాత, “వస్తే మళ్ళా పోనేమో అమ్మా” అన్నది.

ఆ మాట విన్న తరువాత మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. తెల్లవారి ఆయనే అన్నారు, “అది రావద్దులే. మనమే పోదాం” అని. చీనీతోట గుత్త డబ్బు చేతిలో ఉన్నది. దానితో మిద్దెకు కురుపులు పూయించి, వానకు కారకుండా చేయాలనుకున్నాము. మిద్దె ఇంకొక సంవత్సరము కారుతుంది.

మొదట ఎప్పుడు పోవాలి అనేది చూసుకున్నాము. అది భూమధ్యరేఖకు దగ్గరి దేశము. మనకు ఉన్నట్లు ఎండాకాలము, చలికాలము అని లేవు. సంవత్సరము పొడుగునా వేడి, ఉక్క ఒక్కతీరుగా ఉంటాయి. ఉన్నవి వాన రోజులు, వాన లేని రోజులు మాత్రమే. కోస్తాలో మే నెల మొదలుకొని జూలై దాకా ఒక వానకాలము, మరల నవంబరు సగమునుండి జనవరి దాకా ఒక వానకాలము. ఆయనకు మొదట మే 5వ తేదీన అక్కడ ఉండాలని ఉండెను. 1838వ సంవత్సరములో అదే రోజున విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలలో మన దేశపు కూలీలు మొదటిసారి ఆ ఒడ్డున దిగినారు. ఆ దినము ఇప్పుడు అక్కడ ప్రభుత్వ సెలవు. కానీ అప్పటికి వానలు మొదలవుతాయి, అమ్మాయికి పరీక్షలు దగ్గర పడతాయి. ఈస్టరు అయితే గుడ్ ఫ్రైడే సెలవు, ఈస్టరు సోమవారమూ సెలవు, వానలూ ఉండవు. పిల్ల మాకోసం తరగతులు మానుకోవలసిన పని లేదు. అందుచేత ఈస్టరు అని ఖాయము చేశాము.

ఈ చోట ఒక సంగతి ఒప్పుకోవాలి. మేము దినాలు లెక్కపెట్టే విధమే మొదట తప్పు. తొమ్మిది దినాలు అంటే తొమ్మిది దినాలు పిల్ల దగ్గర ఉంటామనుకున్నాము. మన దేశమునుండి అక్కడికి నేరుగా విమానము లేదు. హైదరాబాదులో ఎక్కితే మా లెక్కకు రెండు చోట్ల మారాలి. బుధవారము తెల్లవారుజామున బయలుదేరితే గురువారము చేరినట్లు. ఆ వారము మంగళవారము బయలుదేరితే గురువారానికి ఇల్లు. మధ్యలో మిగిలేవి ఐదు రాత్రులు. ఈ ఐదు అంకె నోటుబుక్కులో వ్రాసుకున్న తరువాత మిగతా ఆలోచనలన్నీ వాటంతట అవే చిన్నవైనాయి.

ఉదాహరణకు కైటూర్ జలపాతము. పొటారో అనే నది ఒక్క దూకుడున 226 మీటర్ల లోతుకు పడుతుంది. అడవి మధ్యలో ఉన్నది. జార్జిటౌన్ పక్కనుండి చిన్న విమానములో పోయి చూసి సాయంత్రానికి రావచ్చును. గయానా చూడబోయే ఏ యాత్రికుడైనా మొదట వ్రాసుకునేది దానినే. ఆయన కూడా వ్రాసుకున్నారు. ఆమె చూసి, “ఒక పూట, ఇంత డబ్బు. ఆ పూట పాపకు తలకు నూనె పెడితే సరిపోదా?” అన్నది. పైగా లోపలి అడవి ప్రాంతాలలో మలేరియా ఉన్నది. దానిని కొట్టివేశాము. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే షెల్ బీచి అనే తీరము కూడా ఉన్నది గాని, అది వాయవ్యపు మూల, బహుదూరము. దానినీ కొట్టివేశాము.

సముద్రము అంటే మనవారికి విశాఖపట్నము ఒడ్డు, పూరీ ఒడ్డు గుర్తుకు వస్తాయి. జార్జిటౌన్ సముద్రము అలా ఉండదట. అమెజాన్ నది మోసుకొచ్చే ఒండ్రు ప్రవాహముతో పాటు ఆ తీరము పొడుగునా కొట్టుకొని వస్తుంది. నీళ్ళు మన తుంగభద్ర వరద నీళ్ళవలె మట్టిరంగులో ఉంటాయి. స్నానానికి పనికిరావు. అయితే ఆ ఊరిలో చూడవలసిన వింత ఆ మట్టిలోనే ఉన్నది. పట్టణమంతా సముద్రపు పోటు మట్టానికి దిగువన ఉన్నది. పూర్వము డచ్చివారు ఏలినప్పుడు కాలువలు తవ్వి, కట్టలు వేసి, సముద్రమునుండి నేలను గుంజుకున్నారు. ఆటు వచ్చినప్పుడు తూములు ఎత్తి కాలువల నీళ్ళు సముద్రములోకి వదులుతారు, పోటు వచ్చేసరికి తూములు దించుతారు. ఆ తూమును అక్కడివారు ‘కోకర్’ అంటారు. తూము కాపలావాడు ఒక పూట నిద్రపోతే వీధులు మునుగుతాయి. చెరువు కింద సేద్యము చేసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సముద్రానికి అడ్డముగా మైళ్ళకొద్దీ గోడ కట్టినారు. సాయంత్రాలు, ఆదివారాలు జనము ఆ గోడమీదనే కూర్చుంటారు. ఈస్టరు సోమవారమైతే చిన్నా పెద్దా అందరూ అక్కడికి పోయి గాలిపటాలు ఎగురవేస్తారట. మా అమ్మాయి మొదటి సంవత్సరము పంపిన ఫోటోలో ఆకాశమంతా గాలిపటాలే. రెండవ సంవత్సరము ఫోటో పంపలేదు.

ఇక మా పెద్ద పొరపాటు. పట్నములో ఒక ఏజెంటు దగ్గరకు పోయి, అన్నిటికంటే ముందు రెండు టికెట్లకు అడ్వాన్సు కట్టినాము. “సీట్లు అయిపోతాయి సార్, తరువాత ధర పెరుగుతుంది” అన్నాడు. మనిషి మర్యాదగానే ఉన్నాడు. కాఫీ ఇప్పించాడు. పచ్చజ్వరపు టీకా సంగతి మాత్రము చెప్పలేదు. దానిని మా పెద్దబ్బాయి హైదరాబాదునుండి ఫోను చేసి చెప్పాడు.

పచ్చజ్వరము అంటే ఎల్లో ఫీవర్. దోమకాటు వలన వచ్చే ప్రాణాంతకమైన వ్యాధి. దక్షిణ అమెరికాలోనూ ఆఫ్రికాలోనూ ఉన్నది, మన దేశములో లేదు. వచ్చిన తరువాత దానిని నయముచేసే మందు లేదు. దానిని మోసే దోమ మాత్రము మనకు కావలసినంత ఉన్నది. అందుచేత ఆ జబ్బున్న దేశాలనుండి వచ్చేవారు టీకా వేయించుకున్నట్లు పసుపురంగు కార్డు చూపించాలని మన ప్రభుత్వము గట్టి నియమము పెట్టింది. గయానా ఆ పట్టికలో ఉన్నది. కార్డు లేకుండా దిగితే ఆరు దినాలదాకా విడిగా ఉంచుతారు. టీకా వేసిన పదవ దినము తరువాతనే కార్డు చెల్లుతుంది. కనుక బయలుదేరే ముందురోజు వేయించుకుంటే ప్రయోజనము లేదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతము సరిపోతుంది, ఈ నియమము 2016 నుండి వచ్చింది. అంతకు ముందు పది సంవత్సరాలకే చెల్లేది. ఏ ఆసుపత్రిలో బడితే ఆ ఆసుపత్రిలో వేయరు. ప్రభుత్వము అనుమతించిన కేంద్రాలలోనే వేస్తారు. మేము హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు పోయినాము. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ వేస్తారు.

అక్కడి డాక్టరమ్మ ఆమెను చూసి, గుడ్డు పడదా, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగి, సూది వేయించి, కార్డు మీద ముద్ర వేసి ఇచ్చింది. ఆయన వంతు వచ్చింది. వయస్సు 64. అరవై దాటినవారికి ఈ టీకా ఆలోచించి గాని వేయరు. అదీగాక ఆయనకు ఆరు సంవత్సరాలుగా కీళ్ళవాతము. వారానికి ఒకమారు మెథోట్రెక్సేట్ మాత్ర, దానితో పాటు స్టిరాయిడ్ మాత్ర వేసుకుంటారు. చీటీ చూడగానే డాక్టరమ్మ కలము కింద పెట్టింది. “పెద్దాయనా, ఈ టీకాలో ఉండేది బతికున్న క్రిమి. బలహీనము చేసి పెట్టింటారు, అంతే. మీ మాత్రలేమో ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గించేవి. ఈ సూది మీకు నేను వేయను” అన్నది.

ఆయన సాంఘికశాస్త్రపు మాస్టరు గనుక వాదన మానలేదు. “టీకా లేకుండా పోతాను. తిరిగి వచ్చినాక ఆరు దినాలు ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను. కుదరదా?” అని అడిగినారు. ఆమె నిదానముగా చెప్పింది. “కూర్చోబెట్టేది మీవల్ల ఊరికి రాకుండా. మీకు రాకుండా ఎవరు కూర్చోబెడతారు?” అన్నది. మేము బయటకు వచ్చి చెట్టుకింద బల్లమీద కూర్చున్నాము. పెద్దబ్బాయి టీ తెచ్చి ఇచ్చాడు. ఎవరమూ తాగలేదు.

ఆ సాయంత్రమే ఏజెంటుకు ఫోను చేసి సంగతి చెప్పాము. “దానికేముంది సార్, కార్డు ఒక్కటే గదా వారు చూసేది. సూది లేకుండా కార్డు ఇప్పిస్తాను” అన్నాడు. ఖర్చు కూడా చెప్పాడు. మేము పరిశుద్ధులమని చెప్పుకోవడానికి ఈ మాట వ్రాయడము లేదు. ఆ రాత్రి మేమిద్దరమూ ఆ మాటను గురించి చాలాసేపు ఆలోచించినవారమే. కార్డు మీద దొంగముద్ర వేసుకుని పోతే దోమకు ఆ ముద్ర కనబడదు గదా అని చివరకు ఆమె అన్నది. అంతటితో ఆ ఆలోచన పోయింది. ఆయన టికెట్టు అడ్వాన్సులో సగానికి పైగా పోయింది. ముందు డాక్టరు, తరువాత వీసా, అన్నిటికంటే ఆఖరున టికెట్టు. మేము తలక్రిందులుగా చేశాము.

ఆమె ఒంటరిగా కడప దాటి రైలెక్కింది లేదు. మొదట, “మీరు లేకుండా నేను పోను, ఈ మాట ఇంక ఎత్తవద్దు” అన్నది. మూడు దినాలు ఎత్తలేదు. నాల్గవ దినము తానే నోటుబుక్కు తీసుకొని వచ్చి, “ఆ విమానాలు మారేది ఎట్లనో మళ్ళా చెప్పండి” అన్నది.

ఇంతలో దేవుని కృపవలన ఒక తోడు దొరికింది. మా అమ్మాయితో పాటు చదువుతున్న పిల్ల తల్లి ఒకరు, గుంటూరు వైపువారు, అదే వారములో పోవాలనుకుంటున్నారు. ఫోనులో పరిచయమైన మొదటి దినమే ‘వదినా’ అని పిలిచింది. ఆవిడకు అమెరికా వీసా ఇదివరకే ఉన్నది. ఆ దారినే పోవాలని నిశ్చయించుకున్నాము. అమెరికాలో ఊరికే విమానము మారి పోవడానికి కూడా మనవారికి వీసా కావాలి, ఇంటర్వ్యూ ఉంటుంది. కెనడా మీదుగా పోయినా అక్కడి అనుమతి ఉండవలసినదే. గయానా వీసా సంగతి ఎవరెవరో ఏమేమో చెబుతారు. ఢిల్లీలో గయానా హైకమీషను ఉన్నది, వారిని అడిగి తెలుసుకోవడము మేలు.

హైదరాబాదులో ఇంటర్వ్యూ కిటికీ దగ్గర ఆమె తెలుగులో మాట్లాడవచ్చునా అని అడిగింది, సరేనన్నారు. ఎందుకు పోతున్నావు అన్నదానికి జవాబులు ఆయన పదిసార్లు నేర్పించి పంపినారు. అవన్నీ మరిచిపోయి, “మా పాప పరీక్ష తప్పింది సార్, ఒకసారి చూసొస్తా” అన్నదట. రెండు ప్రశ్నలు వేసి, వీసా ఇస్తామన్నారు.

జార్జిటౌన్‌లో బస ఖరీదు. 2015లో ఆ దేశపు సముద్రగర్భములో చమురు దొరికింది, 2019 డిసెంబరునుండి తీస్తున్నారు. కంపెనీలవారు, వ్యాపారులు వచ్చి హోటళ్ళు నింపుతున్నారు. దేశము మన ఆంధ్రప్రదేశ్ కంటే విస్తీర్ణములో పెద్దదే గాని, జనాభా ఎనిమిది లక్షలు మాత్రమే. వారిలోనూ అత్యధికులు ఆ సన్నని కోస్తా పట్టీలోనే ఉన్నారు. అందుచేత మా అమ్మాయి అద్దెకుండే ఇంటి యజమానురాలినే అడగమన్నాము. ఆమె వృద్ధురాలు, విధవరాలు, అమ్మాయి పోయే చర్చికే వస్తుంది. ముందు గదిలో మంచము వేయిస్తానన్నదట. డబ్బు మాట ఎత్తితే కోపము వచ్చిందట. ఆమెకు ఒక చీర తీసుకుపోతున్నాము. కట్టుకోకపోయినా కిటికీకి తెరగానైనా వేసుకుంటుందిలే అని మా ఆలోచన.

తిండికి దిగులు లేదు. అక్కడ అన్నము నిత్యపు ఆహారము, కోస్తాలో వరి పండిస్తారు. రొట్టె, పప్పు, కూర అన్నీ ఆ పేర్లతోనే ఉన్నాయి. వంకాయను ‘బైగన్’ అంటారు, మన అలసందకాయ వంటి పొడుగుకాయను ‘బోరా’ అంటారు. భాష ఇంగ్లీషు. దక్షిణ అమెరికా ఖండములో ఇంగ్లీషు రాజభాషగా ఉన్న దేశము అదొక్కటే. బండ్లు మనవలెనే ఎడమవైపు నడుస్తాయి. ఒక అమెరికా డాలరుకు వారి డాలర్లు రెండువందల పైచిలుకు వస్తాయి గనుక, అరటిపండ్ల ధర విని గుండె పట్టుకోవద్దని అమ్మాయి ముందే చెప్పింది. మెడలో బంగారము వేసుకొని రావద్దని, స్టాబ్రోక్ బజారులో చేతిసంచి గట్టిగా పట్టుకోవాలని, పొద్దుగూకిన తరువాత వీధిలో నడవరాదని కూడా చెప్పింది. మంగళసూత్రము తీసి పెట్టెలో పెట్టి పసుపుతాడుతో పోవాలా, తాడు కూడా లేకుండా పోవాలా అని మా ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. అది ఇంకా తెగలేదు.

ఇక ఆయన నోటుబుక్కులో అన్నిటికంటే పైన, రెండు గీతలు గీసి వ్రాసుకున్న మాట ఒకటి ఉన్నది. ‘స్మిత్ గారి చర్చి.’

మా జమ్మలమడుగు ప్రాంతపు సంఘాలన్నీ లండన్ మిషను వారి సేవవలన పుట్టినవి. ఆ మిషనువారు 1805లో విశాఖపట్నానికి క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరిని పంపినారు. తెలుగు దేశములో వారి పనికి అదే ఆరంభము. మూడు సంవత్సరాలకు, 1808లో, అదే మిషనువారు డెమరారాకు జాన్ రే అనే ఆయనను పంపినారు. ఆయన తరువాత 1817లో జాన్ స్మిత్ వెళ్ళినారు. జార్జిటౌన్‌కు తూర్పున కొద్ది మైళ్ళ దూరములో ల రెసూవెనిర్ అనే చెరకు తోటలో బెతెల్ మందిరము ఆయన పరిచర్య స్థలము. ఆయన సంఘస్థులు ఆఫ్రికానుండి పట్టి తెచ్చిన బానిసలు, వారి పిల్లలు. స్మిత్ గారు ఓడ దిగగానే అక్కడి గవర్నరు మర్రే పిలిపించి, నల్లవానికి ఎవనికైనా చదువు నేర్పితే దేశమునుండి వెళ్ళగొడతానని హెచ్చరించినాడు. చదవడము రాని వారికి దేవుని గ్రంథము బోధించడము ఎట్లో గవర్నరు చెప్పలేదు.

1823లో బానిసల కష్టాలు కొంత తగ్గించమని ఇంగ్లండు ప్రభుత్వము ఉత్తరువు పంపింది. తోటల యజమానులు దానిని తొక్కిపెట్టినారు. తమకు రాజు విడుదల ఇచ్చినాడు, దొరలు దాచినారు అనే మాట తోటలలో పాకింది. ఆగస్టు 18న తూర్పు తీరపు తోటలలో పదివేల పైచిలుకు బానిసలు లేచినారు. ముందు నడిచినవాడు జాక్ గ్లాడ్‌స్టన్. అతని తండ్రి క్వామినా, బెతెల్ మందిరములో పెద్ద. రక్తపాతము కూడదని, పని మానివేస్తే చాలునని ఆయన చెబుతూ వచ్చినవాడు. సైన్యము కొద్ది దినాలలో అణచివేసింది. అనేకులు చంపబడ్డారు. సెప్టెంబరులో క్వామినాను వెంటాడి కాల్చి, శవాన్ని దారిలో వ్రేలాడదీసినారు. ఈ లేవనెత్తుటకు కారకుడని స్మిత్ గారిని సైనిక న్యాయస్థానము ముందు నిలబెట్టి, క్షమించవచ్చునన్న సిఫారసుతో మరణశిక్ష విధించినారు. ఆయనకు అప్పటికే క్షయ. 1824 ఫిబ్రవరి 6న చెరసాలలోనే కన్నుమూసినారు. శిక్ష తప్పించిన రాజుగారి కబురు ఆ తరువాత గాని ఓడ దిగలేదు. ఆయన పేరిట 1843లో జార్జిటౌన్‌లోని బ్రిక్‌డామ్ వీధిలో చర్చి కట్టినారు. 1823 తిరుగుబాటుకు గుర్తుగా సముద్రపు గోడ దగ్గర స్మారకము 2013లో నిలబెట్టినారు.

ఆ తిరుగుబాటు మొదలైన ‘సక్సెస్’ అనే తోట యజమాని ఇంగ్లండులో ఉండే జాన్ గ్లాడ్‌స్టన్. జాక్‌కు ఆ ఇంటిపేరు అంటుకున్నది ఆ యజమానిని బట్టియే. బానిసత్వము చట్టరీత్యా పోతున్నదని తెలిసి, చెరకు కోయడానికి మన దేశమునుండి మనుష్యులను తెప్పించే ఏర్పాటు చేసినవాడు కూడా ఆయనే. ఆ ఓడలే విట్‌బీ, హెస్పరస్. అప్పటినుండి 1917 దాకా సుమారు 2 లక్షల 39 వేలమంది ఆ విధముగా వెళ్ళినారు. ఎక్కువమంది కలకత్తా రేవు మీదుగా పోయినవారు. 1845 నుండి మద్రాసు రేవునుండి కూడా ఓడలు పోయినాయి. వాటిలో అరవవారితో పాటు మన తెలుగువారూ ఉన్నారు. అక్కడ అందరికీ కలిపి ‘మద్రాసీలు’ అని పేరు. భాష పోయింది గాని పేర్లు కొన్ని మిగిలినవి. వెస్టిండీస్ తరపున ఆడిన బౌలరు వీరసామి పెర్మాల్ ఆ దేశమువాడే. మా ఊరి పిల్లలకు జలపాతము సంగతి చెబితే వినలేదు గాని, ఈ సంగతి చెబితే చెవులు నిక్కబొడుచుకున్నారు.

ఆయన ముప్పది సంవత్సరాలు బడిలో బానిసత్వపు పాఠము చెప్పినవారు. ఆ చర్చి మెట్లమీద ఒక పది నిమిషాలు కూర్చుని రావాలని ఆయన కోరిక. టీకా కేంద్రమునుండి వచ్చిన రాత్రి ఆ లైనును ఆయనే కొట్టివేసినారు. “ఐదు రాత్రులు. నీవు పోయేది పాపకోసం. రాళ్ళూ మెట్లూ చూడడానికి కాదు” అన్నారు.

ఇప్పుడు బయలుదేరడానికి పదమూడు దినాలు ఉన్నవి. సంచిలో జొన్నపిండి, చెనిక్కాయల పొడి, ఎర్రకారము, ఆ చీర, కుట్టుపని పెట్టె ఉన్నాయి. చీనీపండ్లు పెట్టబోతే పెద్దబ్బాయి వద్దన్నాడు. దారిలో పచ్చి పండ్లు పట్టుకొని పోనీయరట. అమ్మాయిని ఏమి కావాలో అడిగితే “ఏమొద్దమ్మా” అన్నది. ఫోను పెట్టేసిన గంటకు మళ్ళీ చేసి, “నాయన రావడం లేదు గదా. ఆయన పాత స్వెట్టరు ఉంటే తీసుకురా. ఇక్కడ తరగతి గదిలో ఏసీ చలిగా ఉంటుంది” అన్నది. వేడిదేశములో స్వెట్టరు ఎందుకని మేము అడగలేదు. అది కూడా సంచిలో ఉన్నది.

వారి గడియారము మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక. వారు తెల్లవారి ఐదు గంటలకు ఈస్టరు ఆరాధనకు పోయేసరికి మనకు మధ్యాహ్నము రెండున్నర అవుతుంది. ఆ వేళకు మా ఆరాధన ముగిసి, భోజనాలు కూడా అయిపోయి ఉంటాయి. ఆయన ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటానన్నారు.

నిన్న రాత్రి నోటుబుక్కు తీసి చూస్తే, ఆయన కొట్టివేసిన లైను కింద ఆమె అక్షరాలతో మరల ఒక లైను ఉన్నది. ‘ఆదివారం 3 గంటలకు. పాప, నేను. స్మిత్ గారి చర్చి, మెట్లు. ఎండగా ఉంటుంది, గొడుగు.’